వెడల్పు కటకము

కురుగోడులో మా తెలుగు తరగతి గది చిన్నది. వెనుక గోడ కానుకొని నిలిచినను పిల్లలకు పది అడుగుల దూరము మాత్రమే లభించును. నా పాత జోర్కీ-4 కెమెరాకున్న 50 మి.మీ. కటకము ఆ దూరమున సుమారు ఏడడుగుల వెడల్పునే పట్టును. కొసల నున్న పిల్లలు చిత్రమున పడరు. 35 మి.మీ. కటకమైనచో పదడుగులకు పైగా పట్టును. పరీక్షలైన పిదప ఈ పిల్లలు తలకొక కళాశాలకు పోవుదురు గనుక, ఆ లోపుననే అది సంపాదింపవలెను.

సోవియట్ దేశమున 1956 మొదలు 1973 వఱకు తయారైన ఈ కెమెరాకు కటకమును మరవలె త్రిప్పి బిగింతురు. మర వ్యాసము 39 మి.మీ.; పాత లైకాలకును అదియే. అయినను 39 మర గల ప్రతి కటకమును పనికిరాదు. తొలి జెనిత్ కటకములును అదే మరతో చక్కగా బిగియును. కాని జెనిత్‌లో కటకపీఠమునుండి ఫిలిమునకు 45.2 మి.మీ., జోర్కీలో 28.8. కావున దగ్గరివైనను దూరపువైనను వస్తువు లన్నియు మసకబారును. కన్నడ అక్షరములను గుర్తుపట్టినంతనే తెలుగువానికి కన్నడము రాదుగదా!

నాకు తగినది జూపిటర్-12. దాని వెనుక గాజు కెమెరాలోనికి చాల లోతుగా చొచ్చుకొనిపోవును. బిగించునపుడు మిక్కిలి జాగరూకత వలయును. జోర్కీ కిటికీ 50 మి.మీ. దృశ్యమునే చూపును గనుక, పైన వేఱొక దర్శిని నమర్చవలెను. దర్శిని దొరకినది. బళ్ళారి అంగడిలో చూపిన జూపిటర్-12 మాత్రము కియెవ్ కెమెరాకై చేసినది. పేరొక్కటే, బిగింపు వేఱు. దానిని తిరిగి యిచ్చి, మర గలదానికై హైదరాబాదుకు జాబు వ్రాసితిని.