సంచిలో రెండు రాళ్లు

లండన్‌లో మా వీధి చివరి సూపర్‌మార్కెట్లో కూరగాయలు మనమే తూచుకోవాలి. త్రాసు మీద పెట్టి, తెర మీద దాని బొమ్మ నొక్కాలి. మొన్న శనివారం అల్లం పెట్టి ఉల్లిపాయ బొమ్మ నొక్కాను. పొరపాటున కాదు. ఉల్లిపాయ చవక. కలిసొచ్చింది కొన్ని పెన్నీలు. మిషను థాంక్యూ అంది.

ఇంటికొస్తుంటే తాతయ్య గుర్తొచ్చాడు. గుంటూరు దగ్గర మా ఊళ్లో ఆయనది కిరాణా కొట్టు. తూచేముందు తక్కెడ పళ్లెం తిరగేసి చూపించేవాడు, అడుగున చింతపండు అంటించలేదని. నాయనమ్మ రోజూ పొద్దున్నే తారీకును బట్టి బైబిల్లోని సొలొమోను సామెతల గ్రంథంలో ఒక అధ్యాయం చదివేది. 31 అధ్యాయాలు, నెలకు సరిపోతాయి. 11న, 16న, 20న తూనికల మాట వచ్చేది. 20న అయితే రెండుసార్లు. "మళ్లీ నా తక్కెడ మీదికే వచ్చాడే మీ సొలొమోను!" అని తాతయ్య కొట్లోంచే కేకేసేవాడు.

ఆ సామెతల్లో తూనికలంటే రాళ్లే. క్రీ.పూ. 8, 7 శతాబ్దాల యూదా రాజ్యపు తూనికరాళ్లు తవ్వకాల్లో చాలానే దొరికాయి. సున్నపురాయి, అడుగు చదును, పైన గుమ్మటంలా గుండ్రం. షెకెల్ రాయి సుమారు 11.3 గ్రాములు, తెలుగు బైబిలు దాన్ని తులం అనేసింది, పెద్ద తేడా లేదు. 25వ అధ్యాయం నుంచి వచ్చే సామెతల్ని ఎత్తి రాయించిన హిజ్కియా రాజుదీ ఆ కాలమే.

వర్తకుడు ఆ రాళ్లు సంచిలో వేసుకుని తిరిగేవాడు. కొనడానికి బరువు రాయి, అమ్మడానికి తేలిక రాయి. బైబిల్లోనే ద్వితీయోపదేశకాండం తప్పు తూకం దాకా ఆగలేదు, సంచిలో రెండు రకాల రాళ్లు ఉండటమే కూడదంది. నాకు ముల్లు గుచ్చుకున్నది ఇక్కడే. బేరగాడు ఎదురుపడక ముందే, ఇంట్లో రెండో రాయి సంచిలో వేసుకున్నప్పుడే మోసం మనసులో జరిగిపోయింది. బైబిలు హీబ్రూలో ‘లేవ్’ అంటే హృదయమే గానీ, ఆలోచించేదీ తేల్చుకునేదీ కూడా అదే. మన ‘మనసు’ దానికి బాగా దగ్గర. నా వేలు ఉల్లిపాయ మీదికి తనంతట తాను పోలేదు. అంతకు ముందువారం అల్లం ధర చూసి గొణుక్కున్నప్పుడే రాయి సంచిలో పడింది.

ఆదివారం వెళ్లి తేడా డబ్బు కడతానన్నాను. కౌంటర్లో అమ్మాయి తికమకపడింది. ఆమె కంప్యూటర్లో దానికి మీట లేదట. చివరికి అంతే అల్లం ముక్క ఏరి, అల్లం బొమ్మే నొక్కి, డబ్బు కట్టి, ముక్కను తీసుకెళ్లి మళ్లీ అరలో పెట్టాను. సెక్యూరిటీ అతను నన్ను గుమ్మం దాకా కళ్లతోనే సాగనంపాడు.