వల్పరాయిసో మెట్లు

శాంతియాగోలో బస్సెక్కిన రెండు గంటలలోపే వల్పరాయిసో చేరాను. దూరం సుమారు 120 కిలోమీటర్లు. రేవును ఆనుకొని ఒక సన్నని చదును నేల, ఆ వెంటనే కొండలు. వాటినిండా రంగురంగుల రేకుల ఇళ్ళు, ముందున్నవాడి భుజాల మీదుగా తేరు చూసే జనంలాగా, ఒకదాని వెనుక ఒకటి నిక్కి సముద్రంవైపు చూస్తున్నాయి.

నా చవక బస కొండమీద ఉంది. పైకి పోవడానికి ఈ ఊళ్ళో 'అసెన్సోర్' అనే వాహనాలున్నాయి. ఏటవాలు పట్టాలమీద, ఒకే తీగకు కట్టిన రెండు పెట్టెలు. బావి గిలకకు రెండు వైపులా వేలాడే చేదల్లాగా ఒకటి దిగుతూంటే రెండవది ఎక్కుతుంది. మొట్టమొదటిది 1883లో కోన్సెప్సియోన్ కొండకు వేశారట. కానీ నేను చేరిన కొండకింద తలుపుకు తాళం, మరమ్మతులని పలక. టాక్సీకి మనసొప్పలేదు. వీపున సంచితో మెట్లెక్కడం మొదలుపెట్టాను.

నూట అరవై వరకు లెక్కపెట్టి మానేశాను. అలసట మరిచిపోయేలా ప్రతి మలుపులోనూ ఒక బొమ్మ, ఒక పూలకుండీ, గోడమీద ఒక పిల్లి, వెనక్కి తిరిగితే మరికాస్త పెరిగిన సముద్రం. ఇంతటి అందం పైసా ఖర్చు లేకుండా దొరికినందుకు లోలోపల మురిసిపోతూ ఫొటోలు తీసుకున్నాను.

మూడవ మలుపులో ఒక ముసలమ్మ బంగాళాదుంపల సంచి పక్కన పెట్టుకొని మెట్టుమీద కూర్చొని ఉంది. నేను ఆమె వెనుకనున్న నీలిగోడను ఫొటో తీస్తూంటే అడ్డమని లేవబోయింది. నాకు సిగ్గు వేసింది. వచ్చీరాని స్పానిష్‌లో అడిగి సంచి అందుకున్నాను. ఆమె మెట్లు లెక్కపెట్టదు. ఎక్కడెక్కడ కూర్చోవాలో మాత్రం తెలుసు. ఇల్లు ఎక్కడంటే గడ్డంతో పైకి చూపింది. నా బస దాటి, రంగులు వెలిసిపోయి, మెట్లు మట్టిబాటగా మారే చోటికి.

1914లో పనామా కాలువ తెరిచాక, దక్షిణ కొసను చుట్టివచ్చే ఓడలు తగ్గి ఈ రేవు వైభవం తరిగిపోయింది. 2003లో పాతనగరం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గౌరవం కిందికొండలది. 2014 ఏప్రిల్‌లో మంటలు వ్యాపించినది పైకొండలలో. గాలి, ఇరుకు లోయలు, అగ్నిమాపక యంత్రాలు పట్టని దారులు. రెండు వేలకు పైగా ఇళ్ళు బూడిదయ్యాయి. కిందనుంచి చూసినవాడికి ముచ్చటగొలిపే ఆ ఇరుకే పైనున్నవాడికి ప్రాణాంతకం.

మరునాడు వేరే కొండకు అసెన్సోర్ నడుస్తూంటే ఎక్కాను. కిర్రుమంటూ కదిలింది. కిటికీ దగ్గర చోటుకోసం చూసినది నేనొక్కణ్ణే. తక్కినవారందరూ కూరగాయల సంచులు కాళ్ళమధ్య ఇరికించుకొని, సముద్రానికి వీపు పెట్టి, తలుపుకు దగ్గరగా నిలబడ్డారు. ఆ మూసిన తలుపు ముందు నిన్న నేను పోగొట్టుకున్నది ఒక సరదా ప్రయాణం. ఆ అవ్వ పోగొట్టుకుంటున్నది రోజూ తన మోకాళ్ళను.

కెమెరా సంచిలో పెట్టి, పక్కామెకు దారి ఇచ్చి నిలబడ్డాను.