తాడు పట్టిన చేతులు

మా ఖరగ్‌పూర్‌లో తెలుగు ఇళ్లలో చాలావాటికి మూలం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. తాత వర్క్‌షాపులో, తండ్రి యార్డులో పనిచేశారు. మనవడి దగ్గరకొచ్చేసరికి ఆ ఉద్యోగ భరోసా పోయింది. బడి మానేసి, గుడ్డలో జిగురు పోసుకుని పీల్చే కుర్రాళ్లను డాక్టరునని నా దగ్గరికి లాక్కొస్తుంటారు.

"మా గుంటడి సేతికి పది రూపాయలిచ్చి కొట్టుకి పంపుదామంటే బయమేస్తంది బాబూ" అంది నింపురా వైపు నుంచి వచ్చిన ఓ తల్లి. తండ్రి మాత్రం ఎక్కడో చదివొచ్చాడు. "అడవిలో పడేస్తే దార్లోకొస్తాడంట కదండీ?"

పడేస్తే రాడు. 1941లో వేల్స్‌లోని అబర్డోవీలో కుర్ట్ హాన్ మొదలుపెట్టిన ఔట్‌వర్డ్ బౌండ్ యువ నావికులను సముద్రానికి తట్టుకునేలా తయారుచేసే బడి, ఆస్పత్రి కాదు. తర్వాత అమెరికాలో ఇలాంటిదే వైద్యం పేరుతో వ్యాపారమైంది. పిల్లల్ని అర్ధరాత్రి నిద్రలేపి ఎత్తుకెళ్లే పద్ధతీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో అలాంటి శిబిరానికి చేరి ఒక్కరోజైనా గడవకముందే పన్నెండేళ్ల బాలుడు చనిపోయాడు.

జిగురు అలవాటున్నవాడికి ఇంకో గండం. అందులోని టాలుయిన్ గుండెను అడ్రినలిన్‌కు మరీ సున్నితం చేస్తుంది. పీల్చిన కాసేపటికి పరుగెత్తినా, ఉలిక్కిపడినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అందుకే ముందు ఆ తల్లి కొడుకు చేత అలవాటు మాన్పించాను, ఈసీజీ తీయించాను. అడవీ కొండల సంగతి ఆ తర్వాత. అదీ వాడు సరేనన్నాకే.

బాంకుడా జిల్లా సుసునియా కొండ మీద చలికాలంలో బెంగాలీ క్లబ్బులు రాళ్లెక్కడం నేర్పుతాయి. అలాంటి ఒక శిబిరానికి డాక్టరుగా వెళ్తూ వాణ్ణీ తీసుకెళ్లాను. ఎక్కడంలో వాడు సామాన్యుడే. మూడోనాడు శిక్షకుడు వాణ్ణి కింద నిలబెట్టి, పైకెక్కే పిల్లవాడి తాడు చేతికిచ్చాడు. పక్కనే తానూ నిలబడ్డాడనుకోండి. సగం దూరంలో పైవాడి కాలు జారింది. తాడు బిగిసింది, మావాడు రెండడుగులు ముందుకు ఈడ్చుకుపోయాడు. బ్రేకులా తాడు పట్టిన చెయ్యి మాత్రం వదల్లేదు. వాణ్ణి మెల్లగా దింపాక, "ఏం తింటావురా, ఇంత బరువున్నావు!" అని కసిరాడు.

అడవి గాలి మహిమ అంటారు. నాకు అంత నమ్మకం లేదు. పది రూపాయలకు నమ్మనివాణ్ణి ఒక ప్రాణానికి నమ్మారు. మందుల చీటీలో నేను రాయలేనిది అది.

ఎండాకాలంలో వాడు మళ్లీ ఒకసారి జిగురు ముట్టాడు. తనే వచ్చి చెప్పాడు. వచ్చే శిబిరానికి కొత్తవాళ్ల తాళ్లు సరిచూసే పని ఇప్పించమనీ అడిగాడు. ముందు మళ్లీ ఈసీజీ అన్నాను.