మేడ మీది కంప్యూటరు, హాల్లో టీవీ

మా అత్తమ్మకు డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్లు అరిగిపోయి మెట్లెక్కడం మానేసి నాలుగేళ్లయింది. మా ఇంట్లో కంప్యూటరేమో మేడ మీది గదిలో ఉంది. 2020 లాక్‌డౌన్‌లో బాబు ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్నాం. వాడు ఇంజనీరింగ్‌కని హైదరాబాద్ వెళ్లాక దాని మీద పాత దుప్పటి కప్పి ఉంచాను. ఆ దుప్పటి కింద మా పెళ్లి ఉంది.

2001లో రాజోలిలో జరిగిన మా పెళ్లిని వీసీఆర్ క్యాసెట్‌లో తీశారు. కొన్నాళ్లు వనపర్తిలో మా ఇంటికి చుట్టాలెవరొచ్చినా ఆ క్యాసెట్ వేసి చూపించేవాళ్లం. తర్వాత వీసీఆర్ పాడైంది. క్యాసెట్ బీరువాలో చీరల కింద పడి ఉంది. 2014లో ఒకసారి తీసి చూస్తే రీలు అంచున తెల్లగా బూజు. గుండె జారిపోయింది. మా ఆయన దాన్ని హైదరాబాద్ తీసుకెళ్లి, ఒక స్టూడియోలో శుభ్రం చేయించి, కంప్యూటర్ ఫైలుగా మార్పించి హార్డ్ డిస్క్‌లో తెచ్చారు. మంచి పని చేశారు. వీసీఆర్‌లు తయారు చేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్ కూడా 2016లో ఆ పని ఆపేసింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే క్యాసెట్ ఉన్నా దాన్ని ఆడించే మిషన్ కోసం ఊళ్లు తిరగాల్సి వచ్చేది.

ఆ వీడియో మీద నాకెందుకంత బెంగో చెప్పాలి. మా అమ్మ 2006లో పోయింది. ఆ తర్వాత మూడేళ్లకు, 2009 అక్టోబర్ 2న తుంగభద్ర ఊళ్ల మీద పడింది. కర్నూలు మునిగింది, అలంపూర్ మునిగింది, ఒడ్డునే ఉన్న మా రాజోలి సంగతి చెప్పక్కర్లేదు. గద్వాల చీరలు నేసే మగ్గాలు గుంతల్లోనే బురదలో కూరుకుపోయాయి. నాయిన, తమ్ముడు ప్రాణాలతో బయటపడ్డారు, అంతే చాలనుకున్నాం. నీళ్లు తీశాక ట్రంకు పెట్టె తెరిస్తే ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి రంగులు కారిన కాగితం ముద్దగా మారాయి. అత్తగారింటి ఆల్బంలో అమ్మ రెండే ఫొటోల్లో ఉంది. ఒకదాంట్లో ఎవరిదో భుజం ఆమె సగం ముఖానికి అడ్డం. ఇక అమ్మ నడిచేది, తిరిగేది, కొంగు సర్దుకునేది ఆ వీడియోలోనే.

ఎప్పుడైనా దిగులుగా ఉంటే మేడ మీదికి వెళ్లి ఒక్కదాన్నే చూసేదాన్ని. మొత్తం చూసేదాన్ని కాదు. అప్పగింతల దగ్గర అమ్మ నా చెంపలు నిమిరే చోటు నాకు తెలుసు. మౌస్‌తో సరిగ్గా అక్కడికి జరిపి, ఆ ఒక్క నిమిషం చూసి, దుప్పటి కప్పేసి కిందికి వచ్చేసేదాన్ని. అక్కడ అమ్మ ఏదో చెబుతుంది. పెదవులు కదులుతాయి. వినిపించేది మాత్రం సినిమా పాట. ఆ రోజుల్లో పెళ్లి వీడియోల్లో మాటలు తీసేసి పాటలు కలిపేవాళ్లు గదా!

మామయ్య 2019లో పోయారు. నిరుటి శ్రావణంలో ఒకనాడు అత్తమ్మ చిక్కుడుకాయలు గిల్లుతూ, "ఆ పెండ్లి క్యాసెట్ల మీ మామ ఉంటడు గదా బిడ్డా, ఒక్కపారి సూపియ్యరాదు" అంది. తలెత్తకుండానే అంది. ఆమె అడగడమే తక్కువ.

మరి ఎలా? ఆమె మేడెక్కలేదు. కంప్యూటరు, మానిటరు, వైర్లు అన్నీ కిందికి దించితే మళ్లీ కలపడం నాకు రాదు. కంప్యూటర్ నుంచి టీవీకి తాడు వేయాలంటే మెట్ల మీదుగా వేలాడదీయాలి. పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిద్దామని చూస్తే ఫైలు మరీ పెద్దదని మెసేజ్ వచ్చింది. ముప్పై రెండు జీబీల ఖాళీ పెన్ డ్రైవ్‌లో ఆరు జీబీల ఫైలు పట్టకపోవడమేంటో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, ఫ్యాట్32 అనే పద్ధతిలో సర్దిన పెన్ డ్రైవ్‌లో ఒక్కో ఫైలు నాలుగు జీబీలకు మించకూడదట. కుండ ఎంత పెద్దదైనా మూతి చిన్నదైతే గుమ్మడికాయ లోపలికి పోదు, అలాగన్నమాట.

బాబుకు ఫోన్ చేస్తే, "అమ్మా, అది నీకు అర్థం కాదులే. దసరాకు వచ్చినప్పుడు నేను పెడతాగా" అన్నాడు. వాడు ప్రేమగానే అన్నాడు. అయినా నాకు రోషం వచ్చింది. వ్యాకరణంలో సంధులూ సమాసాలూ విడదీసి డిగ్రీ పాసైన దాన్ని, రెండు మిషన్లను కలపలేనా అనుకున్నాను. మధ్యాహ్నాలు పని అయ్యాక మేడెక్కి కూర్చుని, ఫోన్లో చూసుకుంటూ, తప్పులు చేసుకుంటూ నాలుగు రోజుల్లో నేర్చుకున్నాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు సంగతి చాలా చిన్నది. అన్నం వంటింట్లోనే ఉంటుంది, వడ్డించేది హాల్లో. వీడియో కంప్యూటర్లోనే ఉంటుంది, కనిపించేది టీవీలో. మధ్యలో వడ్డించే మనిషి ఇంట్లో ఉన్న వైఫై రౌటర్. టీవీ, కంప్యూటరు రెండూ ఒకే వైఫైలో ఉండాలి. మా విండోస్ 10 కంప్యూటర్లో ముందు ఆ వైఫైని 'ప్రైవేట్' అని మార్చాను. 'పబ్లిక్' అని ఉంటే కంప్యూటర్ కొత్తవాళ్ల ముందు తలుపేసుకున్నట్టు టీవీకి కనిపించదు. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లోకి వెళ్లి, ఎడమ పక్కన 'మీడియా స్ట్రీమింగ్ ఆప్షన్స్' నొక్కి దాన్ని ఆన్ చేశాను. పెళ్లి ఫైలును 'వీడియోస్' ఫోల్డర్‌లో పెట్టాను. కిందికి వచ్చి టీవీ రిమోట్‌లో సోర్స్ నొక్కితే, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీల పక్కన మా కంప్యూటర్ పేరు! ఎవరో తెలిసిన మనిషి వాకిట్లో నిలబడి పిలిచినట్టు అనిపించింది.

ఒక కంపెనీ టీవీకీ ఇంకో కంపెనీ కంప్యూటర్‌కూ ఈ మాటలు కలవడానికి డీఎల్ఎన్ఏ అని ఒక పద్ధతి ఉంది. సోనీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు 2003లో ఒక సంఘంగా చేరి మొదలుపెట్టాయి. సంఘాన్ని 2017లో మూసేశారు గానీ, వాళ్లు పెట్టిన పద్ధతి చాలా టీవీల్లో ఇంకా ఉంది.

"దీనికి పైసలు పడ్తయా?" అని అత్తమ్మ అనుమానం. పడవు. ఇది బయటి నుంచి వచ్చే సినిమా కాదు, మన మేడ మీది నుంచి మన హాల్లోకి వచ్చేది. నెట్ బిల్లు కట్టకపోయినా రౌటర్‌లో లైట్ వెలుగుతుంటే చాలు, ఇది నడుస్తుంది.

దసరాకు నాగర్‌కర్నూల్ నుంచి మా ఆడబిడ్డ, పిల్లలు, హైదరాబాద్ నుంచి బాబు వచ్చారు. భోజనాలయ్యాక నేను రిమోట్ తీసుకుని పెళ్లి పెట్టేసరికి బాబు నోరు తెరిచాడు. ఆ ముఖం చూడ్డానికైనా నాలుగు రోజుల కష్టం సరిపోయింది!

ఈ పద్ధతిలో మా టీవీలో ఒక ఇబ్బంది ఉంది. ఆపొచ్చు, మళ్లీ ఆడించొచ్చు, ముందుకు జరపడం మాత్రం కుదరదు. మొదటి నుంచి చూడాల్సిందే. వనపర్తిలో పెళ్లి బస్సు ఎక్కడం, పెబ్బేరు దాటడం, బీచుపల్లి దగ్గర ఆగడం. అక్కడ ఆంజనేయస్వామి గుడి ముందు మామయ్య కొబ్బరికాయ కొట్టి, కెమెరా వైపు తిరిగి, సిగ్గుపడి తల దువ్వుకున్నారు. అత్తమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "మీసాలకు రంగేసిండు ఆ దినం" అంది. అందరం నవ్వాం. ఆ తర్వాత హాలంతా ఒకటే గోల. వీడెవడు, వీడు మనోడేనా, అయ్యో ఆమె పోయింది గదా... బంతి భోజనాల దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. టీవీ, రౌటర్ ఇన్వర్టర్ మీద ఉన్నాయి గానీ మేడ మీది కంప్యూటర్‌కు ఇన్వర్టర్ లైను లేదు. వడ్డన ఆగిపోయింది. పిల్లలు ఫోన్లు తీసుకున్నారు, పెద్దవాళ్లు నడుం వాల్చారు.

మర్నాడు అందరూ వెళ్లిపోయాక, "మిగిలింది పెట్టు" అంది అత్తమ్మ. మిగిలింది ఒక్కటే పెట్టడం రాదు గదా, మళ్లీ మొదటి నుంచే. ఇల్లంతా నిశ్శబ్దం. ఇద్దరమే.

కాళ్లు కడిగే ఘట్టం వచ్చింది. నాయిన పళ్లెం పట్టుకున్నాడు, అమ్మ వంగి చెంబుతో నీళ్లు పోస్తోంది. కెమెరా దగ్గరగా వెళ్లింది.

"ఆపు" అంది అత్తమ్మ.

ఆపాను.

"మీ అమ్మ మెడల పుస్తెలతాడేదే? ఉత్త పసుపుతాడే ఉన్నది."

నేను ముందుకు జరిగి చూశాను. నిజమే. పాత క్యాసెట్ బొమ్మ, పెద్ద టీవీలో మసకగానే ఉంది. అయినా పసుపుతాడు పసుపుతాడే. ఇన్నేళ్లూ నేను అమ్మ ముఖం తప్ప ఇంకేమీ చూడలేదు.

అమ్మకు బంగారు పుస్తెలతాడు ఉండేది. కండెలు చుట్టేటప్పుడు అది ముందుకు జారి రాట్నంతో పాటు ఊగేది. పెళ్లయిన ఏడాదికి పుట్టింటికి వెళ్లినప్పుడు అది లేదు. అడిగితే "కుదువల ఉంది" అంది. తమ్ముడి చదువు కోసం పెట్టిందనుకున్నాను. నాకు డిగ్రీ చాలన్నారు, వాడికైతే పుస్తెలతాడు కూడా తీసిస్తారు అని మనసులో పెట్టుకున్నాను. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ మాట అనలేదు గానీ, మనసులోంచి తీసేయనూ లేదు.

నాయినకు ఫోన్ చేశాను. చెప్పడానికి చాలాసేపు నసిగాడు. "నీ రెండు పేటల గొలుసు ఎక్కడ్నుంచి వచ్చిందనుకుంటివమ్మా? అదే కరగబోసినాం. చెప్పొద్దని మీ అమ్మ నాతో ఒట్టు పెట్టించుకునె" అన్నాడు.

ఆ గొలుసు అప్పుడు నా మెడలోనే ఉంది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది కాబట్టి అత్తమ్మా వింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. టీవీలో అమ్మ చెంబు పట్టుకుని వంగి అలాగే ఉంది. "అయిదు తులాలు అడిగినం మేము" అంది చివరికి. "మీ మామ నాలుగు సాలన్నడు. నేనే వినలే."

ఏం చెప్పాలి? ఏమీ చెప్పలేదు. రిమోట్ నొక్కాను. నీళ్లు పడ్డాయి.

బంతి భోజనాలు వచ్చాయి. అమ్మ బూరెల గంప పట్టుకుని వరసల మధ్య తిరుగుతోంది. అత్తమ్మ ఆమెనే వెతుక్కుంటూ చూస్తోంది. ఇదిగో ఈ మూల, అదిగో ఆ స్తంభం పక్కన. "తిన్నదా మీ అమ్మ ఆ దినం?" అని అడిగింది. నాకు తెలియదు. పెళ్లికూతురిని, నన్నెవరు చూడనిచ్చారు? ఇద్దరం కళ్లార్పకుండా చూశాం. మొదటి బంతి, రెండో బంతి, బ్యాండు వాళ్ల బంతి. ఎక్కడా ఆమె కూర్చున్నది లేదు.

అప్పగింతలు వచ్చాయి. చెంపలు నిమిరింది. పెదవులు కదిలాయి. సినిమా పాట వచ్చింది. బస్సు కదిలింది. అమ్మ చెయ్యి ఎత్తింది. కెమెరా మా బస్సులోనే ఉంది, మాతో పాటే వచ్చేసింది. రాజోలి చిన్నదై, దుమ్ములో కనబడకుండా పోయింది. ఆ తర్వాత అమ్మ ఏం చేసిందో చూసిన కెమెరా ఏదీ లేదు.

టీవీలో మళ్లీ ఫైళ్ల పట్టిక వచ్చింది.

"తినే ఉంటదిలే బిడ్డా" అంది అత్తమ్మ. "అందరు పోయినంక తింటం గదా మనం."

టైం చూస్తే రెండున్నర. పొయ్యి మీద అన్నం చల్లారిపోయింది. అత్తమ్మ మోకాళ్ల మీద చేతులాన్చి మెల్లగా లేచింది.

"లే, రెండు కంచాలు పెట్టు. ఇద్దరం తిందాం."