కట్టప్పకు వేయని ప్రశ్న

బాహుబలి రెండు భాగాలనూ కత్తిరించి, కూర్చి, ‘బాహుబలి: ది ఎపిక్’ అన్న పేరుతో 2025 అక్టోబరు 31న ఒక్క చిత్రంగా విడుదల చేసినారు. మూడు గంటల నలభై నిమిషాల పైచిలుకు నిడివి. చూచినాను. బాగున్నది. కానీ అందులోనుంచి ఒకటి మాయమైనది. అది నిరీక్షణ. మొదటి భాగం 2015 జూలై 10న వచ్చినది, రెండవది 2017 ఏప్రిల్ 28న. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపినాడన్న ప్రశ్నను చేతిలో పెట్టి ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపిన ఆ ఇరవై ఒక్క నెలలూ కథలో భాగమేనని నా నమ్మకం. ఇప్పుడు ప్రశ్నా జవాబూ ఒక్క కూర్చున్నచోటనే తీరిపోతున్నవి.

మా తరానికి ఇటువంటి నిరీక్షణ క్రొత్త కాదు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యంగారి ‘శిథిలాలయం’ నెలనెలా వస్తున్న రోజులలో నేను చిన్న తరగతులలో ఉన్నాను. శిఖిముఖినీ విక్రమకేసరినీ ఏదో ఒక ప్రమాదపు అంచున నిలిపి, ‘ఇంకా ఉంది’ అని చేతులు దులుపుకొనేవారు. ఆ నెలంతా మేము చింతచెట్టు క్రింద కూర్చుని మిగిలిన కథను మేమే నడిపించేవాళ్ళము. తీరా సంచిక వచ్చిన తరువాత, ఆయన కథకంటే మా కథే బాగున్నదని తగవుపడే ఘనులు కూడ ఉండేవారు. అసలు జానపదం మా జిల్లాకు పరాయిది కాదు. ‘పాతాళభైరవి’ తీసిన కె.వి.రెడ్డిగారు తాడిపత్రిలో పుట్టినవారే.

కనుక 2015లో ఆ ప్రశ్న ఊరంతా వ్యాపించినప్పుడు నాకు పోయిన బాల్యం తిరిగివచ్చినట్లే అయినది. అప్పటికి నేనింకా ఉద్యోగంలో ఉన్నాను. తొమ్మిదవ తరగతి పిల్లలకు దానినే వ్యాసరచనకు ఇచ్చినాను. ఒకడు మందు పెట్టినారని వ్రాసినాడు. ఒకడు బాహుబలే చంపమని వేడుకొన్నాడని వ్రాసినాడు. ఇంకొకడు చచ్చినవాడు బాహుబలి కాడు, వేషం వేసుకొన్న మరొకడు అని నాలుగు పుటలు నింపినాడు. వానికి విజయేంద్రప్రసాద్‌గారి వద్ద తప్పక కొలువు దొరుకుతుంది. వెనుక వరుసలో కూర్చునే ఒక ఆడపిల్ల మాత్రం ఒకే వాక్యం వ్రాసినది. “చెప్పినారు, చంపినాడు.” పూర్తి మార్కులు వేసినాను.

ఆ నడుమ కాలం మాకు మంచిది కాదు. 2016లో వాన ముఖం చాటేసినది. ఎండుతున్న వేరుశనగను బ్రతికించటానికి ఆ ఆగస్టులో ప్రభుత్వం రెయిన్ గన్నులు దింపినది. మొదటి భాగంలో శివుడు ఎగబ్రాకిన జలపాతం తెరమీద దూకినప్పుడు మా హాలులో పుట్టిన నిట్టూర్పు మాహిష్మతీ సింహాసనానికి ఏ దృశ్యంలోనూ దక్కలేదు. అంత నీళ్ళా అని ఒక పెద్దాయన పైకే అన్నాడు.

రెండవ భాగం ఏప్రిల్ ఎండలలో వచ్చినది. బడికి సెలవులిచ్చినారు గనుక రెండుసార్లు చూచినాను. భల్లాలదేవుని పట్టాభిషేకంలో సేనాపతిగా బాహుబలి ప్రమాణం చేస్తూంటే జనం హోరెత్తి, ఆ హోరుకు సింహాసనమే చిన్నబోయిన ఘట్టం ఒక్కటి చాలును. కిరీటం ఒకచోట, రాజ్యం మరొకచోట అని మాట లేకుండ చెప్పినారు. రాజమౌళి అక్కడ కవి. తాటిచెట్లను వంచి సైనికులను కోటలోపలికి విసరినచోట మాత్రం నవ్వు ఆపుకోలేకపోయినాను. తాటిచెట్టు ఎక్కినవాడెవడూ దానిని నమ్మడు. రమ్యకృష్ణ కన్ను ఎర్రజేస్తే హాలులో పిల్లలు నిజంగానే మాటలు మానినారు. ముప్పై ఏళ్ళు బడిపంతులుగా బ్రతికినవానికి అది అసూయ కలిగించే విద్య.

పేర్లను గురించి పండితుని చాదస్తంగా ఒక మాట. మాహిష్మతి ఊహానగరం కాదు. నర్మదాతీరాన కార్తవీర్యార్జునుని రాజధాని. సహదేవుడు దిగ్విజయానికి పోయి, అగ్నిదేవుని అండ ఉన్న నీలుణ్ణి ఎదుర్కొన్న ఊరు. కాలకేయులూ భారతంలోని రాక్షసులే. ఇక బాహుబలి అన్నది అన్న భరతుణ్ణి గెలిచి, గెలిచిన రాజ్యాన్ని విడిచి, శ్రవణబెళగొళలో శిలయై నిలిచిన జైనమూర్తి పేరు. సింహాసనాన్ని అన్నకు వదలి బయటికి నడచిన అమరేంద్రునికి ఆ పేరు చక్కగా అతికినది.

ఇక జవాబు. శివగామి ఆజ్ఞాపించినది. కట్టప్ప మొదట ఒప్పుకొనలేదు. నీవు చేయకపోతే నేనే చేస్తానని ఆమె అన్నది. తల్లి చేతికి కొడుకు నెత్తురు అంటరాదని అతడు ఒప్పుకొన్నాడు. తనను కాపాడటానికి వచ్చినవాణ్ణే వెనుకనుంచి పొడిచినాడు. అంటే, చెప్పినారు, చంపినాడు. ఇరవై ఒక్క నెలలు దేశమంతా వెదకిన జవాబు మా తొమ్మిదవ తరగతి వెనుక వరుసలోనే ఉన్నది. నగరాలలో చాలమందికి ఇది చాలలేదనీ, ఇంత ఊరించి ఇంతేనా అన్నారనీ విన్నాను. మావైపు ఎవరూ అట్లా అనలేదు. మాకు ఈ పాత్ర జానపదం కాదు. పెద్దింటి గడపలో రెండు తరాలుగా ఉప్పు తిన్న కుటుంబం, పెద్దాయన నోట ఒక మాట, ఒక రాత్రి, ఒక జీపు. సీమలో ఒక తరమంతా ఆ మాటల క్రింద నలిగినది.

వారిలో ఒకడు నా విద్యార్థి. పద్యం ఎత్తుకొంటే తరగతి నిశ్శబ్దమయ్యే గొంతు వానిది. వాని తండ్రి ఒక పెద్దింటిలో మనిషి. పదవ తరగతి అయిన కొన్నేళ్ళకు, 1990లలో, ఒక రాత్రి వాడు జీపు నడిపినాడు. తిరిగివచ్చేటప్పుడు ఒక మనిషి ప్రాణం పోయి ఉన్నది. జైలులో కొన్ని సంవత్సరాలు గడిపి బయటికి వచ్చినాడు. ఇప్పుడు మంచినీళ్ళ క్యాన్లు నింపే ప్లాంటు నడుపుకొంటున్నాడు. 2017లో రెండవసారి చూచి హాలు బయట టీ త్రాగుతూంటే కనిపించినాడు. సినిమా ఎట్లున్నదిరా అని అడిగినాను.

“బాగుంది సార్. కానీ ఆయప్పను ఎవురూ ఏమీ అడగలేదే?”

“ఏమని అడగాల?”

“చెప్పినోళ్ళు చెప్పినారు. నువ్వేంటికి చేసినావు అని.”

తరువాత వాడే చెప్పినాడు. “నన్ను కూడా ఎవురూ అడగలేదు సార్. పోలీసోళ్ళు ఎవురు చెప్పినారని అడిగినారు. లాయరు ఏం చెప్పాలో నేర్పించినాడు. మా నాయన ఉప్పు తిన్న రుణం తీర్చినావన్నాడు. ఆయమ్మ ఒక్కటి అడుగుతాదేమో అనుకుంటి. బస్సులో ఎదురైతాది. తల తిప్పుకుంటాది. అడిగితే బాగుండు.”

ఆయమ్మ అంటే చనిపోయినవాని భార్య. ప్రక్క ఊరే.

ఆ మాటతో నాకు ఆ చిత్రం మరొక విధంగా కనిపించటం మొదలుపెట్టినది. దేవసేన ఇరవై అయిదేళ్ళు సంకెళ్ళలో ఉన్నది. ఆమెను విధవను చేసిన చేయి అదే కోటలో కావలి కాస్తున్నది. ఇంతకంటే కథ ఎక్కడ ఉంటుంది? అయినా వారిద్దరూ ఎదురెదురుగా నిలిచి ఆ రాత్రిని గురించి మాట్లాడుకొనే ఘట్టం రెండవ భాగంలో లేదు. చనిపోతున్న బాహుబలి కూడ తల్లిని చూచుకొమ్మని అప్పగించినాడే తప్ప ఒక్క మాట అనలేదు. పాపమంతా బిజ్జలదేవుని కుతంత్రం మీదికీ, భల్లాలుని మీదికీ పోయినది. కట్టప్ప కత్తి పట్టి మంచివైపు నిలిచినాడు, మనమంతా చప్పట్లు కొట్టినాము. నేనూ కొట్టినాను, సత్యరాజ్ అంత బాగా నటించినాడు. విచిత్రమేమంటే, తెర మీద కట్టప్పను ఎవరూ నిలదీయలేదు గాని, తెర బయట సత్యరాజ్‌ను నిలదీసినారు. కావేరీ వివాదంలో ఎప్పుడో అన్న మాటలకు ఆయన విచారం ప్రకటించేదాక కర్ణాటకలో ఆ చిత్రం విడుదల అనుమానంలోనే ఉన్నది. బళ్ళారిలోని మా బంధువులు అనంతపురం వచ్చి చూడాలేమోనని కంగారుపడినారు.

తప్పు ఒక్క చిత్రానిదే అనను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టరాదంటాము. ఇంటి గుట్టు లంకకు చేటు అంటాము. అన్న అధర్మాన్ని అన్న ముఖానే చెప్పి, ఆ అన్న కోసమే పోరాడి చచ్చిన కుంభకర్ణుని మీద మనకు జాలి; విడిచి వెళ్ళిన విభీషణుడు రామునికి ఎంత ఆప్తుడైనా బిడ్డకు ఆ పేరు పెట్టుకొనము. నిండు సభలో ద్రౌపది పక్షాన మాట్లాడిన వికర్ణుడూ యుద్ధంలో తమ్ముని పాత్రే వహించినాడు. ఒక్క యుయుత్సుడు మాత్రం వేరు. ధృతరాష్ట్రుని కొడుకే. రెండు సేనలూ మోహరించిన తరువాత, మాతో వచ్చేవారున్నారా అని ధర్మరాజు పిలిస్తే, అందరూ చూస్తుండగా ఇటు నడచి వచ్చినాడు. యుద్ధం దాటి బ్రతికినాడు. పాండవులు మహాప్రస్థానానికి పోతూ పరీక్షిత్తు రాజ్యాన్ని అతని సంరక్షణలోనే పెట్టినారు. కట్టప్ప ముందర ఆ దారి కూడ ఉన్నది. ఆ దారిని చూపకుండ అతనికి మిగిలినది కత్తి ఒక్కటే అన్నట్లు కథ నడిపించినారు.

ఇదంతా ఆ రోజు టీకొట్టు దగ్గర వానికి చెప్పినాను. శ్రద్ధగా విన్నాడు.

“ఆ పాఠం మాకు లేదు కదా సార్” అన్నాడు.

లేదు. ఆనాటి వాచకంలో కర్ణుడున్నాడు. కర్ణుని స్వామిభక్తి మీద పది మార్కుల ప్రశ్న కూడ ఉండేది.

2025లోనే మరొక ప్రకటన వచ్చినది. ‘బాహుబలి: ది ఎటర్నల్ వార్’ అని ఒక యానిమేషన్ చిత్రం తీస్తున్నారట. మరణించిన తరువాత అమరేంద్రుని ప్రయాణమే అందులో కథ అంటున్నారు. నాకు మళ్ళీ చందమామ పిచ్చి మొదలైనది. ఎట్లా మొదలుపెడతారు, ఎక్కడ ఆపుతారు అని నేనే కథ అల్లుకొంటున్నాను. మొన్న నీళ్ళ క్యాను వేయటానికి వచ్చినప్పుడు వానికి ఈ సంగతి చెప్పినాను. క్యాను దించి, మూత సరిచేసి, “దాంట్లో కట్టప్ప ఉంటాడా సార్?” అని అడిగినాడు. తెలియదన్నాను. ఉంటే చెప్పండి సార్, పోదాం అన్నాడు.