చెవిలో మందు కొట్టుకునే ముందు

చెవిపోటు అనగానే మన ఇళ్ళలో ముందుగా పొయ్యి మీదికి నూనె గరిటె ఎక్కుతుంది. రెండు వెల్లుల్లి రెబ్బలు చిటపటలాడాక, ఆ నూనె గోరువెచ్చగా చెవిలో పోసి, పైన దూది కుక్కి పిల్లవాణ్ణి పడుకోబెట్టేస్తారు. పాతికేళ్ళుగా చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తున్నాను. ఈ నూనె కథ మాత్రం మారలేదు. మారిందల్లా, నూనె గిన్నె పక్కన ఇప్పుడు మందు సీసా కూడా చేరింది. చుక్కల మందులు మనకు పాతవే. చెవిలోకి తుంపరగా కొట్టే స్ప్రేలు ఎక్కువగా విదేశాల నుంచి సెలవులకు వచ్చే పిల్లల పెట్టెల్లో దిగుతున్నాయి.

కిందటి వానాకాలం ఒక రిటైర్డు మాష్టారు అటువంటి సీసా పట్టుకుని వచ్చారు. లండనులో ఉన్న మనవడికి ఈత కొలను నీళ్ళ వల్ల చెవి వాస్తే అక్కడి డాక్టరు రాసిచ్చిన మందట.

"సగానికి పైగా ఉందండీ. పారెయ్యడానికి మనసొప్పక అమ్మాయి నాకిచ్చి వెళ్ళింది. నాకూ పది రోజులుగా చెవి కారుతోంది. రోజుకెన్నిసార్లు కొట్టుకోమంటారు డాక్టరుగారూ?" అన్నారు.

"ఒక్కసారి కూడా వద్దు మాష్టారూ. ముందు నన్ను చెవి చూడనివ్వండి" అన్నాను.

చీము తుడిచి చూస్తే కర్ణభేరికి పెసరగింజంత రంధ్రం ఉంది. అది నిన్న మొన్నటిది కాదు. చిన్నప్పటి నుంచీ జలుబు చేసినప్పుడల్లా ఆ చెవి కారుతూనే ఉందని అడిగిన మీదట చెప్పారు. రెండో చెవి ఎలా ఉందని అడిగితే, "అది ఏనాడో పోయిందండీ, ఫోను కూడా ఈ చెవికే పెట్టుకుంటాను" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

ఎందుకో చెబుతాను. పెద్దవాళ్ళలో చెవి నాళం సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని చివర కర్ణభేరి తలుపులా మూసి ఉంటుంది. ఆ తలుపుకు ఇవతల వచ్చేది బయటి చెవి జబ్బు. అది నిజానికి చర్మవ్యాధి. నీళ్ళలో నానీ, పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో గీరీ ఆ చర్మాన్ని మనమే పాడుచేసుకుంటాం. గుబిలి మురికి అనుకుంటారు గాని, ఆ పులుపుదనం చెవికి కాపలా. కాపలావాణ్ణి తరిమేస్తే సూక్ష్మక్రిములు చొరబడతాయి. దురద, నొప్పి మొదలవుతాయి. చెవి పట్టుకుని లాగినా, రంధ్రం ముందుండే చిన్న బొడిపెను నొక్కినా ప్రాణం లేచొస్తుంది. తలుపుకు అవతల, నడిమి చెవిలో చీము పడితే అది వేరే జబ్బు. జలుబు వెంట వస్తుంది. కర్ణభేరి చిరిగి చీము బయటపడ్డాక పోటు తగ్గినట్టు కూడా ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఈ రెండింటినీ కచ్చితంగా తేల్చుకోవడం కుదరని పని.

మాష్టారు తెచ్చిన స్ప్రేలో వాపు తీసే డెక్సామెథసోన్, క్రిములను చంపే నియోమైసిన్, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఉన్నాయి. బయటి చెవి వాపుకు మంచి మందే. అయితే కర్ణభేరికి చిల్లి ఉంటే నియోమైసిన్ లోపలి చెవికి చేరే వీలుంది. అక్కడ మనకు శబ్దాన్ని అందించే సున్నితమైన కణాలుంటాయి. అవి ఒకసారి చస్తే మళ్ళీ పుట్టవు. ఒక్క తుంపరకే చెవుడు వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కాని మిగిలినదే ఒక్క చెవి అయినప్పుడు ఆ మాత్రం ప్రమాదం కూడా ఎందుకు కొనితెచ్చుకోవాలి? ఆయనకు రంధ్రం ఉన్నా వాడదగిన ఓఫ్లాక్సాసిన్ చుక్కలు రాసిచ్చాను. ఆ సీసా మాత్రం ఇవ్వనంటే ఇవ్వనని జేబులో పెట్టుకుపోయారు!

తల్లి వైపు వారెవరికైనా గెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందుల వల్ల వినికిడి పోయి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. కొన్ని కుటుంబాలలో ఆ బలహీనత తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. 2021 జనవరిలో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ కూడా ఈ విషయమై డాక్టర్లను హెచ్చరించింది.

ఇక చెవి పరీక్ష చేసి, స్ప్రే వాడమని డాక్టరే చెప్పారనుకుందాం. అప్పుడూ పద్ధతి ఉంది. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరచండి. చల్లటి మందు చెవిలో పడితే కళ్ళు తిరుగుతాయి. కలపమని లేబుల్ మీద ఉంటే బాగా కలపండి. కొత్త సీసా అయితే తుంపర సరిగా వచ్చే దాకా గాలిలోకి రెండు మూడుసార్లు నొక్కండి. కూర్చుని తల రెండో వైపుకు వంచి, చెవిని పైకీ వెనక్కీ లాగితే వంకర నాళం తిన్నగా అవుతుంది. సీసా మూతి రంధ్రం దగ్గర ఆనించాలి గాని లోపలికి దూర్చకూడదు. డాక్టరు చెప్పినన్నిసార్లే నొక్కాలి. నొప్పి ఎక్కువగా ఉందని మందు ఎక్కువ కొట్టేవారున్నారు. దానివల్ల నొప్పి తొందరగా పోదు. మొదట కాస్త చురుక్కుమనడం మామూలే. తీవ్రంగా మండినా, మందు రుచి గొంతులో తగిలినా వెంటనే ఆపెయ్యండి. గొంతులో రుచి తగిలిందంటే తలుపుకు చిల్లి ఉందనుకోవాలి. వాడాక సీసా మూతి తుడవండి. ఇంట్లో ఇంకొకరికి ఇవ్వకండి. చెవిలో వేసే మందు కంట్లో వేసుకోరాదని మళ్ళీ చెప్పనక్కరలేదనుకుంటాను. పసిపిల్లలకు స్ప్రే సొంతంగా మొదలుపెట్టవద్దు.

రెండు రోజులకు గుణం కనిపించాలి. కనిపించకపోతే సీసా మార్చడం కాదు, డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. మందు మొదలెట్టాక తమ్మె దాకా ఎర్రబడి దురద పెరిగితే, ఆ మందే మీ చర్మానికి పడలేదేమో! నియోమైసిన్ పడనివారు తక్కువేం కాదు. మన కోస్తా ఉక్కపోతలో ఇంకో చిక్కు బూజు. చెవిలో తడిసిన కాగితంలా తెల్లగా, మధ్య మధ్య నల్లచుక్కలతో కనిపిస్తుంది. పైన చెప్పిన రకం మందు వాడుతూ పోతే బూజు ఇంకా బలుస్తుంది. నూనె పోస్తే సరే సరి. దాన్ని శుభ్రంగా తీయించుకుని వేరే మందు వాడాలి.

చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. వీళ్ళకు బయటి చెవి వాపు ఒక్కొక్కప్పుడు ఎముకలోకి పాకుతుంది. 1968లో అమెరికాలో ఛాండ్లర్ అనే వైద్యుడు దీనికి ప్రాణాంతకమైన చెవి వాపు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇది కాన్సరు కాదు గాని, ఆ పేరు పెట్టింది ఊరికే కాదు. స్ప్రే కొడుతున్నా రాత్రిళ్ళు నిద్ర పట్టనంత పోటు, తలలోకి లాగే నొప్పి, మూతి ఒక పక్కకు వంకర పోవడం, ఇందులో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. వాడుతున్న సీసానూ, చివరిసారి చూపించిన షుగరు కాగితాన్నీ వెంట పట్టుకెళ్ళండి.