ఉచిత సీటు ఖరీదు

శ్రీలంకలో విశ్వవిద్యాలయం దాకా చదువు ఉచితం. 1945లో కన్నంగర విద్యామంత్రిగా ఉండగా మొదలైన ఆ ఏర్పాటు ఇప్పటికీ నడుస్తోంది. అయినా కొలంబో మధ్యతరగతి ఇళ్లలో పిల్లలు, మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్ అయిపోగానే, పౌండ్లలో ఫీజు కట్టి బ్రిటన్ అకౌంటింగ్ సంస్థ సీఐఎంఏ పరీక్షలు రాయడమో, లండన్ విశ్వవిద్యాలయం డిగ్రీని బయటినుంచి చదవడమో మామూలు. చేతిలో ఉచిత సీటు ఉన్నవాళ్లు కూడా పక్కన ఇలాంటిదొకటి పెట్టుకుంటారు. పైకి చూస్తే దుబారాలా ఉంటుంది కానీ, లెక్క వేసి చూస్తే కాదు. రాజకీయాలు కుదురుగా లేని దేశంలో చదువుకయ్యే అసలు ఖర్చు ఫీజు కాదు, ఆ చదువు ఎప్పుడు పూర్తవుతుందో తెలియకపోవడం. నా సొంత డబ్బు విషయంలో నేను పాటించే పద్ధతి కూడా ఇదే. ఎక్కడ పెట్టాలన్నా వడ్డీ ఎంతో చూడకముందే, మధ్యలో అవసరం పడితే ఎంత నష్టంతో వెనక్కి తీసుకోవచ్చో చూస్తాను. లాకిన్ ఉన్న పథకంలో డబ్బు పెట్టాలంటే ఆ కాలమంతా అటు పథకం, ఇటు నా సంసారం రెండూ నిలకడగా ఉంటాయన్న నమ్మకం కుదరాలి. నాలుగేళ్ల డిగ్రీ అంటే నాలుగేళ్ల లాకిన్. సగంలో ఆగితే సగం విలువ కూడా రాదు, చేతికి సున్నా వస్తుంది.

ఈ భయం శ్రీలంక కుటుంబాలకు ఊరికే పట్టుకున్నది కాదు. 1987-89లో వామపక్ష పార్టీ జేవీపీ తిరుగుబాటు కాలంలో విశ్వవిద్యాలయాలు నెలల తరబడి మూతపడ్డాయి. సీటు వచ్చినవాళ్లు ఇంట్లో కూర్చున్నారు. స్తోమత ఉన్నవాళ్లు దేశం దాటారు. పోనీ స్వదేశంలోనే ప్రైవేటు కాలేజీలో డబ్బు కట్టి చదువుకుందామా అంటే, అక్కడ రాజకీయం ఇంకా సూటిగా తగిలింది. ఉత్తర కొలంబో ప్రైవేటు వైద్య కళాశాలను ఆందోళనల మధ్య 1989లో ప్రభుత్వం తీసేసుకుంది. తర్వాత మాలబేలో సైటమ్ అనే మరో ప్రైవేటు వైద్య కళాశాల పెట్టారు. అక్కడ చదివినవాళ్లను నమోదు చేసుకోవడానికి వైద్య మండలి ఒప్పుకోలేదు. ప్రభుత్వ వైద్యుల సంఘం, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల విద్యార్థులు వీధికెక్కారు. 2017లో దాన్ని రద్దు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది, విద్యార్థులను చివరికి కొతలావల రక్షణ విశ్వవిద్యాలయంలో సర్దారు. లక్షలు కట్టిన తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పట్టా చెల్లుతుందో లేదో తెలియకుండా గడిపారు. అందుకే అక్కడి కుటుంబాలు పరీక్ష పెట్టేవాడు, పట్టా ఇచ్చేవాడు దేశం బయట ఉండాలని కోరుకుంటాయి. దీన్ని విదేశీ మోజు అనడం తేలిక. నా దృష్టిలో మాత్రం అది బీమా ప్రీమియం. సీఐఎంఏలో ఒక్కో పేపరుకు విడిగా డబ్బు కట్టొచ్చు, ఏడాది ఆగి మళ్లీ రాయొచ్చు, పాసైన పేపరు పాసైనట్టే ఉంటుంది.

2022 ఆర్థిక సంక్షోభం ఈ లెక్కను మరింత బిగించింది. అంతకుముందు మామూలుగా ఆగస్టులో జరిగే ఏ-లెవెల్, 2021 బ్యాచ్‌కు 2022 ఫిబ్రవరిలో జరిగింది, ఫలితాలు ఆగస్టు చివర వచ్చాయి. కోవిడ్ వాటా అందులో ఉందనుకుందాం. తర్వాతి బ్యాచ్ పరీక్ష 2023 జనవరిలో మొదలైతే, పన్నుల పెంపును నిరసిస్తూ విశ్వవిద్యాలయ అధ్యాపకులు పేపర్లు దిద్దడానికి రాలేదు, ఫలితాలు సెప్టెంబరుకు చేరాయి. 2022 మార్చిలోనైతే పశ్చిమ ప్రావిన్స్ బళ్లలో కాగితం దొరక్క టర్మ్ పరీక్షలే వాయిదా పడ్డాయి. ఇంత ఆగాక కూడా సీటు ఖాయం కాదు. అర్హత సాధించే లక్షన్నరకు పైగా పిల్లల్లో విశ్వవిద్యాలయాల్లో చోటు దొరికేది సుమారు 40 వేల మందికే. ఆ సీట్లలోనూ చాలా కోర్సుల్లో 40 శాతమే దేశమంతటి ప్రతిభ మీద ఇస్తారు, ఎక్కువ భాగం జిల్లాల కోటాకు పోతుంది. ఈ నిరీక్షణకు ఖరీదు కట్టండి: అన్నాళ్ల జీతం పోయింది, ఇంట్లో తిండి ఖర్చు పెరిగింది. 2022 సెప్టెంబరు నాటికి కొలంబోలో ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది. బ్యాంకులో దాచిన చదువు డబ్బు, సీటు కోసం ఎదురుచూస్తుండగానే కరిగిపోయింది. ఈ లెక్కలో ఉచిత సీటు ఉచితం కాదు. ఆ రోజుల్లో పాస్‌పోర్ట్ ఆఫీసు ముందు క్యూలు పెరగడం, జపాన్, కొరియా ఉద్యోగాల కోసం ఆ భాషలు నేర్చుకునే కుర్రాళ్లు కనబడటం ఇందుకే. పట్టా ఎంత గొప్పదన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎన్ని నెలల్లో జీతం మొదలవుతుందన్నది ముందుకొచ్చింది.

అయితే విదేశీ చదువు డాలర్లలోనో పౌండ్లలోనో కదా, రూపాయి పడిపోయినప్పుడు అదే కొంప ముంచుతుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం అది. 2022 మార్చి మొదట్లో డాలరుకు సుమారు 200 శ్రీలంక రూపాయలు ఉన్న ధర మే నాటికి 360 దాకా వెళ్లింది. ఏడాదికి 10 వేల డాలర్ల ఫీజు 20 లక్షల నుంచి 36 లక్షలయింది, తండ్రి జీతం మాత్రం అక్కడే ఉంది. అప్పు తెచ్చుకుందామంటే ఏప్రిల్లో కేంద్ర బ్యాంకు ఒక్క దెబ్బకు వడ్డీ రేట్లను 7 శాతం పాయింట్లు పెంచింది. బయట చదువుతున్న పిల్లలకు ఫీజు పంపడానికి డాలర్లు దొరకడమే కష్టమైపోయింది. కాబట్టి విదేశీ ఫీజు కట్టగలగడం అందరికీ రక్షణ కాదు, డాలరు ఆదాయం ఉన్నవాళ్లకే రక్షణ. గల్ఫ్‌లో అన్న, కెనడాలో మేనమామ ఉన్న ఇంటికి ఒక దారి, తేయాకు తోటల్లో పనిచేసే ఇంటికి మరో దారి. రెండో ఇంటి పిల్లకు సైన్స్ గ్రూపు ఉన్న బడే దగ్గర్లో ఉండదు, ఆర్ట్స్ చదివి సీటు కోసం కాచుకోవడమే ఆమెకున్న ఎంపిక. అస్థిరత వల్ల అందరి ఎంపికలూ మారుతాయనడం సరికాదు. కొందరివి మారతాయి, కొందరివి మాయమవుతాయి.

ఇలా అందరూ బయటికి పనికొచ్చే చదువులే చదివితే దేశం ఏమైపోవాలి, ప్రజల పన్నులతో చదివిన డాక్టర్లు విమానమెక్కితే పల్లె ఆసుపత్రి ఎవరు నడపాలి? ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ దాని జవాబు పద్దెనిమిదేళ్ల పిల్లాడి దగ్గర వెతకకూడదు. దేశం ఖాతాలో లోటును ఒక కుటుంబం పూడ్చలేదు. ప్రభుత్వం చేయగలిగిన, పెద్దగా డబ్బు ఖర్చుకాని పని ఒకటుంది: పరీక్ష చెప్పిన తేదీకి పెట్టడం, ఫలితం చెప్పిన తేదీకి ఇవ్వడం. ఏ స్కాలర్‌షిప్ కంటే కూడా అది పిల్లలను ఎక్కువగా నిలబెడుతుంది. నిలకడగా ఉన్న చోటినుంచి కూడా పిల్లలు వెళ్తున్నారుగా, హైదరాబాద్ నుంచి అమెరికాకు ఎంతమంది పోవడం లేదు అనేవాళ్లూ ఉంటారు. పోతున్నారు, కానీ మనవాళ్లు ఎక్కువ జీతం చూసుకుని వెళ్తారు. శ్రీలంక పిల్లలు జీతం కంటే ముందు ఆగిపోని చదువును చూసుకుంటారు.

ఈ లెక్క మనకు అక్కరకొచ్చేది ఎంబీబీఎస్ కోసం పిల్లలను నిలకడ లేని దేశాలకు పంపేటప్పుడు. 2022లో ఉక్రెయిన్, 2024 మేలో కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్, అదే ఏడాది జూలైలో బంగ్లాదేశ్, మూడు చోట్లా మన విద్యార్థులు యుద్ధంలోనో అల్లర్లలోనో చిక్కుకున్నారు. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విదేశీ వైద్య కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, మొత్తం ఒకే సంస్థలో చదవాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా అక్కడే చేయాలి. అంటే ఐదున్నరేళ్ల లాకిన్, మధ్యలో బయటపడే దారి దాదాపు లేదు. ఉక్రెయిన్ విద్యార్థులకు ఇచ్చిన సడలింపులు యుద్ధం వచ్చాక, ఎంతో పోరాడాక వచ్చినవి. కన్సల్టెన్సీవాళ్లు ఫీజు పట్టిక చూపించినప్పుడు ఆ దేశంలో గత పదేళ్లలో కాలేజీలు ఎన్నిసార్లు మూతపడ్డాయో అడగండి. మొత్తం ఫీజు ఒకేసారి కడితే రాయితీ ఇస్తామంటే వద్దనండి, ఏడాదికేడాది కట్టండి.